చుక్కాని చెంతకు తాళ్లు

ఆస్పరి ప్రాంతంలో పుట్టి పెరిగిన మేము తెరచాప పడవను గురించి ప్రసంగించబూనడం శ్రోతలకు వింతగా తోచవచ్చు. గుంతకల్లు నుంచి రాయచూరు పోయే రైలుమార్గంలో ఆదోనికి ఇవతల ఉన్న చిన్న స్టేషను ఆస్పరి. చుట్టూ మెట్ట పొలాలు. వాన కురిస్తే పంట, కురవకపోతే వలస. పడవ అన్నది చూడాలంటే మావైపు వారు తుంగభద్ర ఒడ్డుకు పోవలసినదే. మంత్రాలయం వైపున ఆ యేటిలో కనిపించేది కూడా పుట్టియే. వెదురుతో అల్లి, పూర్వం పైన తోలు తొడిగి చేసిన గుండ్రని పుట్టికి తెరచాప ఉండదు, చుక్కాని ఉండదు. అయినా తెరచాప పడవలో తాళ్ల అమరికను కొద్దిగా మార్చితే ఎంతటి మేలు కలుగుతుందో మాకు అర్థమైనది మా ఊరి బావి వల్లనే. అది ఎట్లాగో మనవి చేస్తాము.

కొన్నేండ్ల క్రిందట మా మేనమామగారు కంటి వైద్యానికి హైదరాబాదు వచ్చారు. ఆయన డెబ్బయ్యేండ్లు దాటిన రైతు. కంటి కట్టు విప్పిన తరువాత ఒక ఆదివారం నాడు ఆయనను హుస్సేన్ సాగరం గట్టుకు తీసుకొని వెళ్లాము. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన ఆ చెరువు మీద ఇప్పుడు తెరచాప పడవల పందేలు జరుగుతూ ఉంటవి. సికిందరాబాదులోని సైనికుల ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, హైదరాబాదు యాట్ క్లబ్బు ఆ విద్యకు అక్కడ ఆలవాలాలు. మా అన్నగారి అబ్బాయి కూడా ఆ నీటి మీద పడవ నడపడం నేర్చుకొంటున్నాడు.

వాడు నడిపేది లేజర్ అనే ఒంటి మనిషి పడవ. కెనడా దేశస్థుడైన బ్రూస్ కర్బీ రూపొందించిన ఈ పడవ 1971లో లోకానికి పరిచయమైనది. పొడవు 4.23 మీటర్లు, అనగా సుమారు 14 అడుగులు. తెరచాప వైశాల్యం 7 చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ. 1996 నుంచి ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానం లభించినది. నిలువు కొయ్య ఒకటి, దాని నుంచి వెనుకకు చాచి ఉండే అడ్డుకొయ్య ఒకటి, ఆ రెండింటి నడుమ ముక్కోణపు తెరచాప. నడిపేవాడు ఒక చేత చుక్కాని పిడిని, మరొక చేత తెరచాప తాడును పట్టుకొని కూర్చుంటాడు. అతడు కాళ్లు పెట్టుకొనే పల్లపు చోటును కాక్‌పిట్ అంటారు. మనం దానిని చుక్కాని తావు అని పిలుచుకొందాము.

ఇంత చిన్న పడవలోనూ తాళ్లు నాలుగు ఉన్నవి. అడ్డుకొయ్యను లోపలికి లాగడానికీ, బయటికి వదలడానికీ ఒకటి. గాలికి అడ్డుకొయ్య పైకి లేవకుండా క్రిందికి బిగబట్టడానికి ఒకటి. తెరచాప ముందు అంచును కొయ్య వెంబడి బిగించడానికి మరొకటి. దాని అడుగు అంచును అడ్డుకొయ్య వెంబడి చాచడానికి నాల్గవది. గాలి పలుచగా ఉన్నప్పుడు ఈ చివరి మూడింటిని సడలిస్తే తెరచాపకు పొట్ట వస్తుంది, పడవకు ఊపు వస్తుంది. గాలి ముదిరినప్పుడు వాటిని బిగిస్తే పొట్ట తగ్గి తెరచాప పలకవలె చదునవుతుంది. అప్పుడు పడవ ఒక పక్కకు ఒరగడం తగ్గుతుంది.

మొదటి రోజులలో ఈ మూడు తాళ్లూ కొయ్య చెంతనో అడ్డుకొయ్య మీదనో ముగిసేవి. వాటిని సరిచేయాలంటే నడిపేవాడు ముందుకు వంగి పోవలసినదే. ఆ పడవ దొన్నె బరువు 59 కిలోలు. నడిపే మనిషి అంతకంటే బరువు. అట్టి చోట మనిషి రెండడుగులు ముందుకు జరిగితే పడవ ముక్కు నీటిలో గుచ్చుకొంటుంది, చుక్కాని నీటి పట్టు వదులుతుంది. సరిగా ఆ క్షణంలోనే గాలి విసురు వచ్చినదా, పడవ బోర్లా పడుతుంది. తాడు బిగించవలసిన అవసరం కలిగేది గాలి ముదిరినప్పుడే గదా. అనగా ఏ వేళ కదలరాదో ఆ వేళనే కదలవలసి వచ్చేది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆ పడవల సంఘంవారు నిబంధనలు సడలించి, తాళ్లకు మరికొన్ని కప్పీలు చేర్చి, వాటి కొసలను కూర్చున్నవాని చేతికి అందేటట్లు వెనుకకు తెచ్చుకొనడానికి అనుమతించారు.

ఆనాడు మా అబ్బాయి పడవలో తాళ్లు ఈ క్రొత్త పద్ధతిలో ఉన్నవి. పక్కన పోతున్న పాత పడవలో మాత్రం పాత పద్ధతే. మధ్యాహ్నం దాటి గాలి పెరిగినది. పాత పడవలోని కుర్రవాడు ముందుకు వంగి కొయ్య దగ్గర తాడు బిగించబోయాడు. పడవ ఒరిగినది, కుర్రవాడు నీటిలో పడ్డాడు. ఈత జాకెట్టు తొడుక్కొని ఉన్నందువల్ల ప్రమాదమేమీ లేదు, నవ్వుకొంటూ పడవను మళ్లీ లేవదీసుకొన్నాడు. మా అబ్బాయి కూర్చున్న చోటనే మోకాలి ముందరి తాడును ఒక్క గుంజు గుంజాడు. తెరచాప చదునయినది, పడవ సాగిపోయినది.

మామ చేయి అడ్డం పెట్టుకొని చూస్తూ, "ఏమప్పా అల్లుడా, ఆ పిల్లోడు కొయ్య కాడికి పాయ, పడె. మనోడు లేయకుండానే పని చేసె. ఇది మన కపిల తొండం తాడు గదప్పా!" అన్నారు.

ఈ మాట నేటి యువకులకు వెంటనే బోధపడకపోవచ్చు. కపిలలు పోయి బోరుబావులు వచ్చి చాలా కాలమైనది. కాబట్టి కొంచెం వివరిస్తాము. కపిల బావిలో నుంచి ఎద్దులచేత నీరు తోడించే సాధనం. బావి గట్టున రెండు కొయ్యలు నాటి, వాటి నడుమ ఎత్తుగా పెద్ద గిలక అమర్చేవారు. దాని మీదుగా మోకు అనే లావు తాడు పోతుంది. మోకు కొసకు బాన వేలాడుతుంది. ఎద్దులు వాలుబాట వెంబడి క్రిందికి దిగితే బాన పైకి వస్తుంది. వెనుకకు నడిస్తే నీటిలోకి దిగుతుంది.

ఇక బాన పైకి వచ్చిన తరువాత నీటిని తొట్టిలో పోయడమెట్లా? సాదా బానకు ఒక మనిషి బావి అంచున నిలబడి, నిండిన బానను చేతితో తనవైపు లాగి వంచాలి. ఎద్దులను తోలేవాడొకడు, బావి అంచున ఒకడు, మొత్తం ఇద్దరు. తొండం బాన దీనికి ఉపాయం. బాన అడుగున తోలుతో కుట్టిన పొడుగాటి గొట్టం, అదే తొండం. దాని కొసకు సన్నని తాడు కట్టి, ఆ తాడును బావి అంచునే పడుకోబెట్టిన చిన్న గిలక మీదుగా తెచ్చి, మోకుతోబాటు ఎద్దుల కాడికే కట్టేవారు. బాన పైకి వచ్చేటప్పుడు తొండం మడిచి నోరు పైకెత్తుకొని ఉంటుంది, కనుక నీరు కారదు. గట్టుకు వచ్చేసరికి పెద్ద గిలక ఎత్తున ఉండడంవల్ల బాన ఇంకా పైకి పోతుంది. సన్న తాడు మాత్రం క్రింది గిలక మీదుగా తొండాన్ని తొట్టిలోకి లాగుతుంది. నీరంతా తనకు తానే దుమికిపోతుంది. తోలేవాడు మోకు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్లే ఉంటాడు. బావి అంచున మనిషి అక్కరలేదు.

మామ ఆ రోజు తొండం తాడు పేరెత్తడానికి మరొక కారణం ఉన్నది. మా తాతగారి బావికి మొదట సాదా బానే ఉండేది. బావి అంచున నిలిచి బాన వంచేది తాతగారి తమ్ముడు. ఒక చలికాలపు తెల్లవారుజామున తడిసిన బండ మీద ఆయన కాలు జారినది. బావిలో పడ్డాడు. మనిషి దక్కాడు గాని నడుము విరిగినది. మళ్లీ మడక పట్టలేదు. అప్పటికి మామ వయస్సు ఎనిమిదో తొమ్మిదో. ఆ యేడే తాతగారు తోలు కొని తొండం బాన కుట్టించారు. "ఆ సన్న తాడు ముందే ఉండింటే మా చిన్నాయన నడుము ఉండు" అని మామ ఆ చెరువు గట్టున కూర్చొని అన్నారు. పనిలో మెళకువ అన్నది సుఖం కొరకు మాత్రమే అనుకొనేవారు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు లేజర్ కంటె కొంచెం పెద్ద పడవ సంగతి చూద్దాము. చిన్న గది, రెండు తెరచాపలు ఉండి, ఒకరిద్దరు సముద్రం మీదికి తీసుకొనిపోగల 25 అడుగుల పడవ అనుకొందాము. దానికి కొయ్య వెనుక పెద్ద తెరచాప, ముందర ముక్కు వైపున చిన్న తెరచాప ఉంటవి. తెరచాపను పైకెత్తే తాడు కొయ్య శిఖరాన ఉన్న గిలక మీదుగా వచ్చి, పాత పద్ధతిలో కొయ్య మొదట్లోనే కట్టబడి ఉంటుంది. గాలి ముదిరితే తెరచాపను కొంత దించి, మిగిలిన గుడ్డను అడ్డుకొయ్యకు మడిచి కట్టాలి. దీనిని తెరచాప కుదించడం అంటారు.

కుదించడం ఆలస్యం చేయదగిన పని కాదు. గాలి వేగం రెండింతలైతే అది తెరచాప మీద మోపే బలం నాలుగింతలవుతుంది. మంద్రంగా ఉన్న గాలి అరగంటలో రెట్టింపు కావడం సముద్రం మీద అరుదు కాదు. పడవలో ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకరు చుక్కాని పట్టుకొంటారు, ఒకరు కొయ్య దగ్గరకు పోతారు. ఒక్కడే ఉంటే? చుక్కాని విడిచి, ఊగిసలాడే పడవ మీద, అలలకు తడిసి జారే చెక్కల మీద నడిచి పోవాలి. పోవడానికి భయపడి, మరికాసేపు చూద్దామని కూర్చుంటాడు. ఆ కాసేపటిలో గాలి ఇంకా ముదురుతుంది. ప్రమాదం చాలాసార్లు గాలి వల్ల గాక ఈ వాయిదా వల్ల వస్తుంది.

దీనికి చేసే మార్పు చెప్పడానికి తేలిక. కొయ్య మొదట్లో కప్పీలు బిగించి, పైనుంచి దిగివచ్చిన తాళ్లను వాటి మీదుగా అడ్డంగా త్రిప్పుతారు. గది కప్పు మీద వరుసగా అమర్చిన మరికొన్ని కప్పీల మీదుగా వాటిని వెనుకకు మళ్లిస్తారు. చుక్కాని తావుకు ఎదురుగా, గది కప్పు చివర, ఒక్కొక్క తాడుకు ఒక్కొక్క మీట పట్టు ఉంటుంది. మీట దించితే తాడు బిగిసి నిలుస్తుంది, ఎత్తితే జారుతుంది. మీట పట్టులు ఉన్నందువల్ల తాడు చుట్టి బిగించే ఒకే ఒక యంత్రపు రాటము నాలుగైదు తాళ్లకు సరిపోతుంది. ముక్కు వైపు తెరచాపను దాని ముందరి తీగ చుట్టూ చాపవలె చుట్టే అమరిక పెడతారు. దాని తాడు కూడా పడవ అంచు వెంబడి వెనుకకే వస్తుంది. పెద్ద తెరచాప దిగేటప్పుడు గుడ్డ చెదరి కండ్లకు అడ్డం రాకుండా, కొయ్య నుంచి అడ్డుకొయ్యకు రెండు పక్కలా సన్న తాళ్లు ఊయల వలె కడతారు. గుడ్డ వాటి నడుమనే మడతలు పడి ఒదుగుతుంది.

చెప్పడానికి తేలికయే గాని, చేయడంలో నాలుగు విషయాలు జ్ఞాపకముంచుకోవాలి.

మొదటిది, మార్చితే ఒక పనికి సంబంధించిన తాళ్లన్నింటినీ మార్చాలి. తెరచాప కుదించడంలో వరుస ఇట్లా ఉంటుంది: ముందుగా అడ్డుకొయ్య తాడును సడలించి గాలిని వదలాలి. తరువాత ఎత్తుతాడును గుర్తు వరకు దించాలి. ఆ తరువాత ముందు మూలను, వెనుక మూలను అడ్డుకొయ్యకు లాగి బిగించాలి. మళ్లీ ఎత్తుతాడును బిగించాలి. చివరకు అడ్డుకొయ్యను లోపలికి తెచ్చుకోవాలి. ఇందులో ఎత్తుతాడు మాత్రమే చుక్కాని చెంతకు వచ్చి, మూలల తాళ్లు కొయ్య దగ్గరే ఉండిపోతే, మనిషి ఇటూ అటూ రెండు మార్లు తిరగవలసి వస్తుంది. అంతకంటె పాత పద్ధతిలో అన్నీ కొయ్య దగ్గరే ఉండడం మేలు. మోకు మాత్రం కాడికి కట్టి తొండం తాడును బావి అంచున మనిషి చేతికిచ్చిన కపిల ఎట్లాటిదో ఇదీ అట్లాటిదే.

రెండవది ఒరపిడి. తాడు తిరిగే ప్రతి మలుపూ బలంలో కొంత తినివేస్తుంది. మలుపుకు పదోవంతు పోతుందనుకొందాము. నాలుగు మలుపులు తిరిగేసరికి చేతి బలంలో మూడోవంతుకు పైగా మలుపులకే చెల్లిపోతుంది. కాబట్టి మలుపులు వీలైనంత తక్కువగా, కప్పీలు వీలైనంత పెద్దవిగా, నునుపుగా తిరిగేవిగా ఉండాలి. ఇక్కడ పరీక్ష తెరచాపను ఎత్తడంలో లేదు, దించడంలో ఉన్నది. ఎత్తేటప్పుడు కష్టమైతే మరికొంత చెమటోడ్చవచ్చు. తాడు వదిలినప్పుడు తెరచాప తన బరువుకు తానే జారి క్రిందికి రాకపోతే మాత్రం, మనిషి మళ్లీ కొయ్య దగ్గరకు పోవలసినదే. ఆ వేళకు గాలి మరింత పెరిగి ఉంటుంది.

మూడవది కప్పీ మీద పడే బరువు. పైనుంచి దిగి వచ్చిన తాడును కొయ్య మొదట్లో మూలమట్టంగా మళ్లిస్తే, తాడు బిగువుకు ఒకటిన్నర రెట్ల కంటె కొద్దిగా తక్కువ బలం ఆ కప్పీని పైకి పెరుకుతూ ఉంటుంది. 40 కిలోల బిగువుకు సుమారు 56 కిలోలు అన్నమాట. తాడు పూర్తిగా వెనుదిరిగితే అది రెండింతలు, 80 కిలోలు. అందుచేత పలుచని గది కప్పుకు రెండు మరలు బిగించి ఊరకుంటే చాలదు. క్రింద గట్టి పలక పెట్టి ఆరపార బిగించాలి, లేదా కప్పీని కొయ్య మొదటికే కట్టాలి. తాడు కూడా సాగనిదై ఉండాలి. బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞులు విన్‌ఫీల్డ్, డిక్సన్ 1941లో కనుగొన్న టెరిలీన్ జాతి తాళ్లు ఇందుకు అనువైనవి. నైలాను తాడు సాగుతుంది. లంగరుకు అది గుణం, ఎత్తుతాడుకు దోషం.

నాల్గవది గుర్తు. అన్ని తాళ్లూ ఒకచోటికే వచ్చిన తరువాత ఏది ఏదో చీకటిలో తెలియాలి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క రంగు, ఒక్కొక్క దానికి నిర్ణయమైన చోటు ఉండాలి. మిగిలిన కొసలను చుట్టి సంచులలో వేయాలి. కాళ్లకు చుట్టుకొనే తాడు ఏ తావులో ఉన్నా శత్రువే.

పూర్వకాలంలో ఈ ఆలోచన అంతగా అవసరం లేకపోయినది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ ముద్ర ఉన్నదని చరిత్ర చదివినవారు ఎరుగుదురు. మన కోరంగి రేవులో కట్టిన ఓడలకు కూడా పేరుండేది. అట్టి ఓడల మీద చేతులకు కొదవ లేదు. తాడు ఎక్కడ ఉంటే అక్కడికి మనిషి పోయేవాడు. ఒక్క మనిషి సముద్రం దాటదలచినప్పుడు గదా, తాడే మనిషి దగ్గరకు రావలసి వచ్చినది.

ఈ విషయంలో బ్లాండీ హాస్లర్ అనే ఆంగ్లేయుని పేరు చెప్పుకోవాలి. 1942 డిసెంబరులో ఫ్రాన్సులోని బోర్డో రేవు మీద చిన్న పడవలలో దాడి జరిపిన సైనికులకు ఆయన నాయకుడు. యుద్ధానంతరం ఆయన జెస్టర్ అనే 25 అడుగుల పడవను తనకు తగినట్లు మార్చుకొన్నాడు. తావును దాదాపు పూర్తిగా కప్పివేసి, నడుమ గుండ్రని కిటికీ వంటి ద్వారం ఉంచాడు. మామూలు తెరచాపలను తీసివేసి, చీనా దేశపు నావికులు శతాబ్దాలుగా వాడుతున్న పద్ధతిలో, అడ్డంగా బద్దలు పొదిగిన ఒకే తెరచాపను అమర్చాడు. కిటికీకి వేలాడే వెదురు తెరను మనం త్రాడు వదిలి మడతలు మడతలుగా దించుతాము గదా, అది కూడా అట్లాగే దిగుతుంది. ఒక మడత కావాలంటే ఒకటి, రెండు కావాలంటే రెండు. ఇదంతా ఆ గుండ్రని ద్వారంలో నిలబడి, బయట కాలు పెట్టకుండా చేయవచ్చు.

1960 జూన్ 11న ఇంగ్లాండులోని ప్లిమత్ నుంచి న్యూయార్కుకు ఒంటరి నావికుల పందెం మొదలైనది. దానిని తలపెట్టినవాడు హాస్లరే. పాల్గొన్నవారు ఐదుగురు. ఫ్రాన్సిస్ చిచెస్టర్ తన పెద్ద పడవలో 40 రోజులలో చేరి మొదటివాడైనాడు. చిన్న జెస్టరులో హాస్లర్ 48 రోజులలో చేరి రెండవవాడైనాడు. గెలుపు చిచెస్టరుదే, సందేహం లేదు. కాని అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఇంత చిన్న పడవలో, తెరచాప కొరకు పైకి ఎక్కి తడవకుండా దాటవచ్చునని చూపించినవాడు హాస్లర్. తరువాత చిన్న పడవలను మార్చుకొన్న ఎందరికో ఆ జెస్టర్ ఒరవడి అయినది.

దీనికి ఎదురుగా మరొక సంఘటన కూడా చెప్పవలసి ఉన్నది. ఎరిక్ తబార్లీ ఫ్రెంచి దేశంలో ఇంటింటా తెలిసిన నావికుడు. ఇదే అట్లాంటిక్ పందేన్ని 1964లోనూ, 1976లోనూ గెలిచినవాడు. 1998 జూన్ నెలలో ఒక రాత్రి, 1898లో కట్టిన పెన్ దుయిక్ అనే తన ప్రియమైన పాత పడవలో ఐర్లండు సముద్రం మీద పోతూ ఉండగా గాలి ముదిరినది. ఆ పాత పడవలో తెరచాప మార్చాలంటే కొయ్య చెంత నిలువవలసినదే. మార్చుతూ ఉండగా తెరచాప పైదూలం తగిలి ఆయన నీటిలో పడ్డాడు. తోటివారు పడవలోనే ఉన్నా రక్షించలేకపోయారు. అంతటి అనుభవశాలికి తెలియని తాడు లేదు. తెలివి, అనుభవం ఎంత ఉన్నా, ప్రమాదస్థలంలో నిలిచేవానికి ప్రమాదం తప్పదన్నదే ఇందులోని పాఠం.

మన తెలుగు ఆడపడుచుల మాట కూడా ఒకటి జ్ఞాపకం చేస్తాము. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, 2018 మే 21న తిరిగి గోవా చేరి, భూగోళాన్ని తెరచాప మీద చుట్టివచ్చిన నౌకాదళ స్త్రీలు ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య ఉన్నారు. వారి పడవ తారిణి పొడవు 56 అడుగులు. అదే తారిణిలో 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరే బయలుదేరి 2025 మే 29న ప్రదక్షిణ ముగించారు. ఇద్దరంటే చాలా వేళలలో ఒక్కరే. ఒకరు కన్ను మూసినప్పుడు రెండవవారు ఒంటరిగా పడవను, గాలిని, తాళ్లను చూసుకోవాలి. చేతులు తగ్గేకొద్దీ తాళ్ల అమరికకు విలువ పెరుగుతుందన్నది ఇట్టి యాత్రల వల్ల తెలుస్తున్నది.

హుస్సేన్ సాగరం గట్టున ఆ సాయంకాలం మా అబ్బాయి పడవను ఒడ్డుకు లాగి, తాళ్లు ఏది ఎందుకో మామకు ఒక్కొక్కటిగా చూపించాడు. మామ ప్రతి కప్పీని వ్రేలితో త్రిప్పి చూశారు. అంతా విని ఒక్క ప్రశ్న వేశారు. "తాడు తెగితే?"

అబ్బాయి కొంచెం తడబడి, తెగితే ముందుకు పోయి కట్టుకోవాలన్నాడు. ఎప్పుడైనా కట్టి చూశావా అని మామ అడిగారు. లేదన్నాడు.

అప్పుడు మామ చెప్పినది ఇది. తొండం బాన వచ్చిన తరువాత కూడా ఏడాదికి ఒకటి రెండు మార్లు సన్న తాడు తెగేది. అప్పుడు బావి అంచుకు పోక తప్పేది కాదు. "మా నాయన నడుముకు తాడు కట్టుకొని, దాని కొస గూటానికి చుట్టి, ఆపైన అంచు మీదికి పోతుండె. నాకు గూడా ఆ పని నేర్పించె. తాడు తెగినప్పుడు గాదు, తెగకముందే, నీళ్లు తక్కువున్న యేసవిలో."

సముద్రం మీద ఒంటరి నావికులు చేసేదీ ఇదే. పడవ ముక్కు నుంచి వెనుక వరకు గట్టి పట్టీ పరచి, నడుముకు కట్టుకొన్న తాడు కొక్కేన్ని దానికి తగిలించుకొని గాని చుక్కాని తావు దాటరు. తాళ్లు చేతికి వచ్చినవి గదా అని ఈ అలవాటు మానరాదు. కొయ్య దగ్గరకు పోవలసిన అవసరం నూటికి తొంభై మార్లు తప్పవచ్చు. తక్కిన పది మార్లకూ, గాలి నిదానంగా ఉన్న రోజున, పగటి వెలుతురులో, ముందే అభ్యాసం చేసి ఉండాలి.

మరుసటి ఆదివారం మేము మళ్లీ చెరువు గట్టుకు వెళ్లాము. మామ అప్పటికి ఆస్పరి వెళ్లిపోయారు. గాలి ఆట్టే లేదు. మా అబ్బాయి ఒడ్డుకు దగ్గరగా పడవను నిలిపి, మోకాలి ముందరి తాళ్లలో ఒకదానిని తానే విప్పివేసి, మెల్లగా ముందుకు వంగి కొయ్య దగ్గర మళ్లీ కడుతున్నాడు. రెండు మార్లు నీటిలో పడ్డాడు. మూడవ మారు కట్టి, వెనుకకు వచ్చి కూర్చొని చుక్కాని పట్టుకొన్నాడు.